గీత ఉన్న పలక

వాదుజ్ అని రాస్తారు,
ఫాదూత్స్ అని పిలుస్తారు.
పేరు మొదట్లోనే వాదు ఉంది గాని
ఊళ్లో గట్టిగా మాట్లాడే మనిషి కనబడలేదు.
రాజధాని మొత్తం అరగంటలో నడిచేశాను.
కొండ మీద కోట,
కోట కింద ద్రాక్షతోట,
తోట కింద బ్యాంకులు,
బ్యాంకులూ పొలాలూ దాటి కట్ట ఎక్కితే రైన్.

దాని మీద చెక్క వంతెన.
ఇంటికున్నట్టే కప్పు, ఇంటికున్నట్టే గోడలు,
రెండు చివరలా తలుపులు మాత్రం లేవు.
ఎవరిదో ఇల్లు ఏరు దాటబోయి
మధ్యలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయినట్టుంది.

లోపల, పగలు పదకొండింటికే సాయంత్రం.
సందుల్లోంచి దూరిన ఎండ
సైకిలు మీద వచ్చిన పిల్లకి
చారల చొక్కా తొడిగి, విప్పి, మళ్లీ తొడిగింది.
అడుగు అడుక్కీ ఓ గొంతు.
కొన్ని పలకలు గొణిగాయి, కొన్ని దగ్గాయి,
ఒకటి పంటినొప్పి ఉన్నవాడిలా మూలిగింది.

"దానికి మేకు చాలలేదు"
వెనకనుంచి ఎవరో.

గెబ్‌హార్ట్. ఎనభైకి రెండు తక్కువ.
కుడిచేతికి వేళ్లు నాలుగున్నర.
ముప్ఫై ఏళ్లు ఇక్కడ పలకలు మార్చాడట.
పింఛను మొదలయ్యాక కూడా
మంగళవారం మంగళవారం వచ్చి
ఎవరూ అడక్కుండానే తొక్కి చూసి పోతాడు,
నిద్రపోయే పిల్లల నుదురు తాకి చూసినట్టు.

వంతెన నడిమధ్యన గీత.
ఇటు ఆయన దేశం. అటు స్విట్జర్లాండు.
గేటు లేదు, కాపలా లేదు,
కాగితాలు అడిగే మొహం లేదు.
అయినా నా చెయ్యి
దానంతటదే జేబు తడుముకుంది.
ఆయన చూశాడు. నవ్వలేదు.
అందుకే ఆయనతో మాట కలిపాను.

నిజానికి నేనొచ్చింది
ఇటో కాలు అటో కాలు వేసి ఫోటో దిగడానికి.
దిగాను కూడా.
ఫోటోలో రెండు బూట్లే పడ్డాయి.
ఒకదానికి బురద.

"పలక పుచ్చిపోతుంది" అన్నాడు,
"గీత పుచ్చిపోదు.
పలక మార్చినప్పుడల్లా కొత్తదాని మీద మళ్లీ గీయాలి.
ఓ ఏడు ఫోన్ కొడుతోంది..."
కొండల మీంచి దిగే వేడిగాలికి ఇక్కడ అదే పేరు,
మన ఫోనులాగే అదీ తెచ్చేది తలనొప్పే.
"తల పగిలిపోతుంటే గబగబా గీసి ఇంటికి పోయాను.
మర్నాడు కొలిస్తే జానెడు తేడా!"

ఎటువైపు జరిగింది?
"అది చెప్పను. మా ఆవిడది అటు ఊరు."

మరి సరిచేశారా?
కిందికి చూశాడు.
కరిగిన మంచుతో, సున్నం కలిపిన నీళ్లలా,
నది వాటాలు తేల్చుకోకుండానే
వెళ్లిపోతోంది.

పాత పలక ఏమైందని అడిగాను.
సమాధానంగా ఇంటికి తీసుకెళ్లాడు.
ఇల్లు అటువైపే.

వంటింటి బల్ల మీద మూరెడు ముక్క.
నూనె తాగి, కత్తిగాట్లు పడి,
గీత మాత్రం ఇంకా ఉంది,
పాపిట అంత సన్నంగా.
క్రెస్సెంట్స్ దానికి అటుపక్క ఉల్లిపాయలు తరుగుతోంది.
ఇటుపక్క ఆయన రొట్టె కోసుకోవాలి.
ఎప్పుడో కుదిరిన ఒప్పందమట,
ఎవరూ సంతకం పెట్టలేదట.

"నీ ఉల్లిపాయ నా దేశంలోకి కారుతోంది" అన్నాడు.
"అయితే ఏడువు" అంది ఆవిడ,
కత్తి ఆపకుండా.

ఆయన కళ్లు అప్పటికే తడి.
నావి కూడా.
ఆవిడవి మాత్రం పొడిగా, నీలంగా ఉన్నాయి.
వేడి జున్ను పిండిముద్దల మీద
ఎర్రగా వేగిన ఉల్లి చల్లి
కంచం గీత దాటించి నా ముందుకు తోసింది.

తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టేశారు.
మూలిగిన పలకని వెతికాను.
రెండుసార్లు వెనక్కి నడిచాను,
సైకిలు పిల్ల ఒకత్తి దిగి నిలబడి
ఏం పారేసుకున్నావని అడిగింది.
ఏమీ లేదన్నాను.

కట్ట దిగుతూ అరచెయ్యి వాసన చూసుకున్నాను.
ఉల్లి.
ఏ దేశపుదో అడగడం మర్చిపోయాను.