పులిసిన పిండి

మంగళవారం అంతోనివారి మొక్కు తీర్చి వస్తుంటే
డిసెంబరు వాన పట్టుకుంది.
అర్మేనియన్ వీధిలో మా గుడి పక్కనే
ఆర్మీనియా వాళ్ల గుడి.
వీధి పేరు వాళ్లది,
పాడటానికి మటుకు ఒక్కరూ మిగల్లేదు.

కావలి కురియకోస్ కుర్చీ జరిపాడు.
కొట్టాయం మనిషి, తూర్పు సంఘం వాడు.
వాడి అరవం, నా అరవం
రెండూ అరువువే.
కాళ్ల కింద సమాధి పలకలు,
చదవలేని అక్షరాలు.
చెప్పులు విడిచాను.

యాభై రెండేళ్లకి దూరవిద్యలో చరిత్ర చదువుతున్నా.
రాత్రే ఆ పాఠం అయింది:
భుజాన గుడ్డ సిలువ కుట్టుకుని
పడమటి వాళ్లు ఓడలు దిగారు
తూర్పు సిలువల పట్నంలోకి.
మూడు రోజులు.
పూజపీఠాన్ని ముక్కలు చేసి పంచుకుని
మోయడానికి కంచరగాడిదల్ని
గుడిలోకే తోలారు.
అంతకు నూరేళ్ల ముందు అంతియొకయ దగ్గర
ఆ పడమటి వాళ్లే ఆకలితో గడ్డి పీకుతుంటే
ఆర్మీనియా వాళ్లు కొండ దిగి గోధుమలు తెచ్చారట.
కొందరు ఇచ్చారు.
కొందరు బంగారానికి అమ్మారు.

తూర్పుకీ పడమరకీ తగువుల్లో ఒకటి రొట్టె:
పూజకి పులిసిందా, పులియనిదా?
మణ్ణడిలో ఇరవయ్యేళ్లుగా
దోసెపిండి రుబ్బి అమ్మేదాన్ని,
నన్నడిగితే చెప్పేదాన్ని కదా
పులుపు మన చేతిలో లేదు, పొద్దులో ఉందని.

సంచిలో అంతోనివారి బన్ను.
సగం తుంచి ఇచ్చాను.
"పండగ దాకా మాకు ఒక్కపొద్దు,
ఇందులో గుడ్డు కలిపారా?"
తెలీదన్నాను.

వాన తగ్గింది.
బన్ను వాడి అరచేతిలో అలాగే ఉంది.
తిన్నాడో లేదో,
గేటు దాటాక నేను వెనక్కి చూడలేదు.