జానెడు దూరం

ముందు గొంతులో చిన్న గరగర,
చెనిక్కాయ పొట్టు ఇరుక్కున్నట్టు.
కొండ మీది చలిగాలి అనుకున్నా.
దిగే బస్సులో మోకాళ్ళు లాగినాయి.
అలిపిరి దాటేసరికి
జొరం వచ్చి నా పక్క సీట్లో కూర్చునింది.

పెద్ద జబ్బేం కాదంట.
మైల్డ్ అన్నాడు కుర్ర డాక్టరు,
నా మొహం కూడా చూడకుండా, చీటీ మీద చూస్తా.

జీవకోనలో మా మిద్దె మీద రేకుల గది.
పాత సైకిలూ ఎండుమిరపకాయల గోతామూ నేనూ.
మా ఆయన చెంగల్రాయులు చారు గిన్నె
పైనుంచి మూడో మెట్టు మీద పెట్టి
అప్పులోడు ఎదురైనట్టు దడదడా దిగిపోతాడు.
మిరియాలు ఎక్కువేసినాడని నాలుక చెప్తుంది.
ముక్కు ఏమీ చెప్పదు.

ఎన్నాళ్ళు?
అందర్నీ ఈ ఒక్క మాటే అడిగినా.
డాక్టరు ఐదన్నాడు,
మాత్ర మింగకుండా ఒక పగలూ ఒక రాత్రీ
జొరం రాకుండా ఉండాలన్నాడు.
ఆశా కార్యకర్త హంసవేణి
వీధిలో నిలబడి ఏడని వేళ్ళు చూపించబోయింది.
ఏడుకు రెండు చేతులు కావాలి గదా,
చంకలో రిజిస్టరు జారి కాలవలో పడింది.
మా అత్త పద్నాలుగంది.
నేను కంటికి కనపడని పద్నాలుగు రోజులు
ఆమెకు వాయనం ఇచ్చినట్టే.
మేస్త్రీ మాత్రం ఫోన్లో,
"జొరం దిగిందా? దిగితే వచ్చెయ్ మునికుమారీ,
జనం వరస కట్నారు" అన్నాడు.
ఆయన లెక్కలో రోజులుండవు, తలకాయలే.

చిన్నప్పుడు నాకు అమ్మోరు పోస్తే
మా అవ్వ ఎవర్నీ అడగలేదు.
పొద్దున్నే నా వీపు చూసేది.
ఆఖరి పొక్కు ఎండి పక్కు రాలినాక
వేపాకు నీళ్ళు పోసి, ఇంక పో, ఆడుకోపో అనింది.
ఆ రోగం తన తేదీలు తానే ఒంటి మీద రాసి
తానే తుడుచుకుని పోయేది.
దీనికి పొక్కు లేదు. మచ్చ లేదు.
మూడో రోజుకే నేను బాగున్నా.
బాగుండటమే ఇప్పుడు నా అనుమానం.

రాత్రి గడప మీద కూర్చుంటే ఘాట్ రోడ్డు దీపాలు,
కొండకు ఎవరో వంకర కుట్లు వేసినట్టు.
ఆ బస్సుల్లో ఎక్కుతున్నాయి
రేపు నా ముందు వంగాల్సిన తలలు.
ఈ నెల చీటీ డబ్బు కట్టలేదు.
గ్యాసు బండ ఊపి చూసినాడంట మా ఆయన.

ఐదో రోజు పొద్దున్నే
కత్తి తుడిచినా, ఏప్రాన్ మడత పెట్టినా,
మెట్టు దిగబోయి ఎందుకో
అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ఊదినా.
వెచ్చగా తగిలింది.
బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఒక జాన,
అంతే దూరం, నా నోటికీ వాళ్ళ నడినెత్తికీ.

పలమనేరు నుంచి వచ్చిన పసిబిడ్డ గుర్తొచ్చింది.
మాడు ఇంకా మూసుకోలేదు.
కత్తి ఆపితే
చర్మం కింద టపటపా కొట్టుకోవడం కనపడింది.
ఇంకొకామె, వేలూరు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది.
మందులకు రాలిపోంగా నాలుగు పోగులు మిగిలినాయి.
"గొరగడానికి ఏముందమ్మా?" అన్నా.
"మొక్కుంది" అనింది.
ఆమె మెడ మీద నా ఊపిరి తగిలి
చలేసినట్టు భుజం ఎగరేసింది.
నాకిది మైల్డు.
ఆమెకు ఏమౌతుందో ఆ చీటీలో రాయలేదు.

మేస్త్రీకి ఫోన్ చేసినా, ఇంకో రెండు రోజులని.
"ఐదు చాలన్నారంట గదా" అన్నాడు.
చాలేమో.
ఏడు ఎక్కువేమో, నాకేం తెలుసు.
కూలి పోతుందన్నది మాత్రం గట్టిగా తెలుసు.
ఆయన ఏదో అంటానే ఉన్నాడు, పెట్టేసినా.

మధ్యాన్నం చప్పుడైతే తలుపు తీసినా.
గిన్నె ఒక మెట్టు పైకొచ్చి ఉంది.
చెంగల్రాయులు ఈసారి దిగిపోలేదు,
గోడకు ఆనుకుని నిలబడినాడు,
కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళతో నవ్వుతా.
నేను
గోతాం దాకా వెనక్కి జరిగినా.