ఏడో ప్రశ్న

రాత్రి పదకొండైంది.
ట్యాబ్‌లో ఐదో తరగతి ఫలితాల పట్టిక.
ఏడో ప్రశ్న కింద నిలువునా ఎరుపు.
ముప్పై ఎనిమిది మందిలో
ముప్పై ఒక్కరు తప్పు.

బొమ్మలో ముళ్ళ గడియారం. సమయమెంత?
అంతే ప్రశ్న.

మొదట పిల్లల్ని తిట్టుకున్నాను,
అలవాటు.
తర్వాత సర్వర్‌ని తిట్టుకున్నాను,
అదీ అలవాటే.
పద్దెనిమిదేళ్ళుగా ఆ పాఠాన్ని
ఒకే మాటతో మొదలుపెడుతున్నాను:
"అదిగో, గోడమీద చూడండి."

పొద్దున చాదర్‌ఘాట్ వంతెన మీద
బస్సు ఇరుక్కుపోయినప్పుడు
చటుక్కున గుర్తొచ్చింది గోడ.
మా తరగతి గడియారం
రెండు ఎండాకాలాలుగా
నాలుగుంపావు దగ్గరే ఉంది.
బడి వదిలే వేళ కదా,
ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

మూసానగర్ పిల్లలకి కాలమంటే
అమ్మ ఫోన్‌లో నాలుగంకెలు,
నీళ్ళ ట్యాంకర్ హారను,
నైట్ డ్యూటీ దిగొచ్చే నాన్న చెప్పుల చప్పుడు.
ముల్లంటే కాల్లో దిగేది.

పట్టికలో పచ్చగా ఉన్న ఏడుగురిలో
ఒక పేరు దగ్గర రాత్రే ఆగాను: తహసీన్.
జూన్ నుంచి నా ముందు నోరు విప్పని పిల్ల.
నా మార్కుల పుస్తకంలో ఆమె పేరుకెదురుగా
"మందకొడి" అని ఉంది,
చేతిరాత నాదే.

దిగాల్సిన చోట దిగక, కోఠిదాకా పోయి
సెల్లు కొన్నాను. ఆలస్యంగా సంతకం పెట్టాను.
బల్లెక్కి గడియారం దింపితే
వెనకంతా బల్లిగుడ్ల పెంకులు.
సెల్లు వేసినా కదల్లేదు.

చివరి వరసలోంచి తహసీన్ లేచొచ్చి
చున్నీ కొసతో తుప్పు తుడిచి
స్ప్రింగును గోటితో కాస్త ముందుకు లాగింది.
"మా అబ్బా సుల్తాన్ బజార్‌ల ఘడీలు బాగుచేస్తడు సార్.
టైం ఎంత పెట్టాలె?"

ట్యాబ్‌లో చూసి చెప్పాను.

ఈ వారం మళ్ళీ అదే పరీక్ష.
ఎరుపు తొమ్మిది గళ్ళకు దిగింది.
ఆ తొమ్మిది పేర్లూ చూడకుండా చెప్పగలను.
రేపు అన్నం గంట తర్వాత
వాళ్ళు తహసీన్ పక్కన కూర్చుంటారు.

పాఠ్య ప్రణాళిక పంపాలి.
"వాడిన వనరు" అన్న గడి నొక్కితే
వీడియో, ట్యాబ్, డిజిటల్ బోర్డు జారిపడ్డాయి.
గోడ గడియారం లేదు.
"ఇతరములు" నొక్కాను.
వంద అక్షరాలు మించకుండా వివరించమంది.

సెల్లు ఒకటి, ఇరవై రూపాయలు, అని కొట్టాను.
ఇంకా చోటుందంది.
తహసీన్, అని రాశాను.