కుడి నుంచి

కంకన్‌లో కరెంటు సాయంత్రం ఆరింటికి వస్తుంది, వస్తే.
మిలో నది పక్క సందులో
నాంతెనిన్ కురుమా టైపింగ్ కొట్టు.
నేనప్పుడు టోనరు దులిపే కుర్రాణ్ణి.

ఆమె కొట్టేది ఎన్‌కో లిపి,
కుడి నుంచి ఎడమకి నడిచే అక్షరాలు.
చాలా ఏళ్ళు కంప్యూటర్‌కి అవి రానేలేదు.
అక్షరం నొక్కితే ఖాళీ డబ్బా,
మరొకటి నొక్కితే మరో డబ్బా.
వేర్ల మందుల పుస్తకం ఒకసారి
మొత్తం డబ్బాల వరసై అచ్చయింది.
ఆ కాగితాల్లో బజారంతా ఏడాదిపాటు
వేరుశనక్కాయలు పొట్లాలు కట్టారు.

తరవాత ఏదో అప్‌డేట్‌లో, ఒక రాత్రి,
అక్షరాలు చేయీ చేయీ పట్టుకున్నాయి.
ఆమె ఏమీ అనలేదు. తన పేరు కొట్టి
పెద్దది చేసింది, ఇంకా పెద్దది,
తెర నిండా ఒక్క అక్షరమే మిగిలేదాకా.

హర్మటాన్ దుమ్ము రోజుల్లో వచ్చింది ఆ బిల్లు.
పేరు చివర పీడీఎఫ్ అనే ఉంది.
తెరవబోయాను.
"ఆగు."
తెర కుడి అంచున వేలు పెట్టి ఎడమకి జరిపింది:
ఎఫ్, డి, పి. చుక్క. ఈ, ఎక్స్, ఈ.
"దొంగ ఇటునుంచి వచ్చాడు," అంది,
"మన వాకిలి వైపు నుంచి."

కొనాక్రీ నుంచి దిగిన సోరిబా బంగురా
మెడలో కార్డు సర్దుకుంటూ మెచ్చుకున్నాడు.
పేరు మధ్యలో కంటికి ఆనని గుర్తొకటి
అక్షరాల్ని వెనక్కి తిప్పిందట.
"ఇలాంటి గుర్తులన్నీ మూసేస్తాను.
వాడేవాళ్ళు ఎంతమందిలే."

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?
ఆమె ఆ మాట అనలేదు. మందుల పుస్తకం తెరిచింది.
పసిపిల్లల జ్వరానికి మోతాదు,
పక్కన ఫ్రెంచి మాట, మళ్ళీ అంకె.
"తియ్యి."
తీశాడు.
అంకె గెంతి
పక్క మందు ఒళ్ళో కూర్చుంది.
సోరిబా చాలాసేపు తెర వైపే చూసి
గుర్తుని మళ్ళీ దాని చోట పెట్టాడు.

ఆ వారమే మామిడి రైతుల సంఘంలో
ఫోదే కాబా అదే బిల్లు తెరిచాడు.
మూడేళ్ళ లెక్కలకి తాళం పడింది,
తాళంచెవికి ధర చెప్పారు.
హెచ్చరిక రాలేదా, అడిగాడు సోరిబా.
వచ్చిందట. ఎర్రగా, పెద్దగా, ఫ్రెంచిలో.
"కింద రెండు బొత్తాలున్నాయి," అన్నాడు ఫోదే,
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటూ.
"కుడి వైపుది నొక్కాను.
మాకు మొదలు అదే కదా."