రెండువందల పన్నెండో పేజీ

రచయిత పోయి మూడేళ్లు.
ఉత్తరాలు మాత్రం ఇంకా చిక్కడపల్లిలోనే దిగుతున్నాయి,
లైబ్రరీ వెనక సందులో,
మా డీటీపీ షాపు షట్టర్ కింద నుంచి తోసిన కవర్లు.
పైన ఆయన పేరు, కింద నా అడ్రసు.

ఉప్పుకోట కథలు ఆరు భాగాలూ టైపు చేసింది నేనే.
ఆ కత్తుల చప్పుడంతా ఈ కీబోర్డులోంచే వెళ్లింది.
కాబట్టి జవాబులూ నేనే రాస్తాను.
ఆయన సంతకం పెట్టను, నాదీ పెట్టను,
'ఉప్పుకోట కచేరీ నుండి' అని ఊరుకుంటాను.

నాచారం నుంచి ఒక బ్యాంకు క్యాషియరు:
ద్వంద్వయుద్ధానికి ముందు శత్రువులిద్దరూ
ఒకే దొప్పలో సగం సగం తాగాలన్న ఆచారం
ఏ శాస్త్రంలోది?
అయ్యా, అది నారాయణగూడ శాస్త్రం.
ఆయనా పబ్లిషరూ పారితోషికం దగ్గర తిట్టుకుని
ఇరానీ హోటల్లో వన్ బై టూ చెప్పిన సాయంత్రం
సాసర్లో మిగిలిన గొడవలోంచి పుట్టింది.
అలా రాయలేదు లెండి.
"విషం లేదని ఒకరికొకరు హామీ" అని రాశాను.

మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి షాహీన్:
యుద్ధానికి వెళ్లే రోజు వీరుల భార్యలు
గడప దగ్గర చెప్పులు బోర్లా ఎందుకు పెడతారు?
చెప్పు తిరగబడితే ఇంట్లో తగువంటారు కదమ్మా,
ఉన్న తగువంతా ఇంట్లోనే తీరిపోతే
బయటికి కాస్త తక్కువ పోతుందని వాళ్ల ఆశ.
ఇది మాత్రం నా సొంతం.
టైపు చేయగా చేయగా నాకూ ఆ కోటలో చుట్టాలు తేలారు.

రాణి మాచలదేవి ఆరు భాగాల్లో ఒక్కసారీ నవ్వదేం?
దూతకి ఉప్పు పెట్టకుండా పంపితే ఏం శిక్ష?
డేగల్ని పెంచేవాడు పెళ్లి చేసుకోకూడదా,
మా తమ్ముడు అడగమన్నాడు.

ఇవన్నీ తేలిక.

బోరబండ నుంచి ఒక పిల్లాడు,
రూళ్ల కాగితం మీద పెన్సిల్ నొక్కి నొక్కి:
"సారూ, రెండో భాగం రెండువందల పన్నెండో పేజీల
రేవన తలుపు కాడనే నిలబడ్డడు అని రాసిన్రు.
మళ్ల ఆయన ముచ్చట యాడా లేదు.
నేను అన్ని బుక్కులు రెండుసార్లు చదివిన.
ఆయన లోపలికొచ్చిండా?"

రేవన లేడు బాబూ.
ఉన్నది రేచన, ఉత్తర ద్వారం దళవాయి,
మూడో భాగంలో దర్జాగా చచ్చిపోతాడు.
ఆ రోజు కరెంటు పోయింది,
యూపీఎస్ కీచుకీచుమంటోంది,
సేవ్ చేసే తొందరలో నా వేలు జారింది.
చ వ అయింది.
అంతే, ఒక మనిషి పుట్టాడు.
తల్లి లేదు, ఊరు లేదు, ఒకే ఒక్క వాక్యం ఉంది.
ప్రూఫులు చూసిన ఆయన కళ్లకి అప్పటికే శుక్లాలు.

ఈ సంగతే రాద్దామని కార్డు తీశాను.
మూడు కార్డులు చించాను.
చివరికి రాసింది ఇది:
"నాయనా, ఆ రాత్రి తలుపు చాలా బరువు.
అందరూ లోపలికి వచ్చేదాకా
ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి.
అందుకే ఆయన గురించి మళ్లీ రాయలేదు,
పనిలో ఉన్నవాణ్ణి కదిలించకూడదని."

నిన్న పబ్లిషరు ఫోను.
రెండో ముద్రణట, తప్పులుంటే దిద్దేయమన్నాడు, త్వరగా.
రెండువందల పన్నెండు తెరిచాను.
కర్సరు వ పక్కన ఆరుతూ వెలుగుతూ నిలబడింది.
ఎంతసేపు, ఒక్క అక్షరం.
ఎదురు పేజీలో కామా ఒకటి తీసేసి
ఫైలు మూసేశాను.

రాత్రి షట్టర్ సగం దించి
ఎందుకో అలాగే పట్టుకుని నిలబడ్డాను.
సందులో వాన, మోకాలి దాకా నీళ్లు,
ఎవరో ఒకరు పరుగెత్తి వస్తున్న చప్పుడు.
చాయ్ కుర్రాడు తల వంచి లోపలికి దూరి
చొక్కా పిండుకుంటూ అన్నాడు,
"అక్కా, మొన్నటివి నాలుగు చాయ్‌లు బాకీ."