ఎడమ మూల

నా బండి ఎప్పుడూ ఎడమ మూలనే ఆపుతాను,
కంచెకి ఇవతల, సముద్రపు గాలి వీపుకి తగిలే చోట.
తైతుంగ్ సీతాఫలాలు, కిలో నూట ఇరవై.
మెత్తబడ్డవి పెట్టె అడుగున ఉంటాయి.
ఆ సంగతి కొన్నవాళ్ళకి ఇంటికెళ్ళాక తెలుస్తుంది.

పన్నెండేళ్ళలోపు పిల్లల బేస్‌బాల్,
నాలుగు రోజులు, పద్దెనిమిది రంగుల టోపీలు.
మా ఊరి పిల్లలవి నిరుటి చొక్కాలే.
పాత చేపల వల కట్టుకుని
దాని వెనకే బంతులు కొట్టి నేర్చుకున్నారు.
ఆ వల దగ్గరికెళితే ఇప్పటికీ ఆకలేస్తుంది.

సెమీఫైనల్. ఆరో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది.
మాది ఒక్క పరుగు ఎక్కువ.
రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు,
ఇంకొక్కడు అవుటైతే చాలు.
కావ్‌షియుంగ్ కుర్రాడు కొట్టాడు.
బంతి నా మీదికే వస్తోంది,
ముందు గోళీకాయంత,
తర్వాత నిమ్మకాయంత,
అప్పుడు మాయావ్ దూకాడు.

గడ్డిని తాకింది.
వెంట్రుకవాసి.
ఆవగింజంత దుమ్ము లేచింది.
గ్లవ్‌లోకి వెళ్ళింది ఆ తర్వాతే.
అక్కడెక్కడినుంచో పరిగెత్తుకొస్తూ
అంపైర్ పిడికిలి ఎత్తేశాడు.

అందరూ మాయావ్ మీద పడి కేకలు.
కింద వాడొక్కడే అరవలేదు.

సాయంత్రం నమోహ్ సాసేజ్ పొయ్యి చుట్టూ పంచాయితీ.
ఎవరో ఫోన్లో తీశారట,
సరిగ్గా ఆ క్షణానికి అడ్డంగా ఓ పూల గొడుగు.
లెకాల్ తాత వక్క ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చి
"అంపైర్ మాట వాన లాంటిది,
పడ్డాక పైకి పొమ్మంటే పోతుందా" అన్నాడు.
పనాయ్ టీచరు ఒప్పుకోలేదు.
"నేల తాకి ఉంటే తొండి తొండే.
పట్టినవాడికి తెలుసుగా, చెయ్యెత్తి చెప్పాలి."
"పన్నెండేళ్ళవాడా?"
"ఇప్పుడు చెప్పనివాడు నలభై ఏళ్ళకి చెప్తాడా?"

నమోహ్ పట్టకారు విసిరికొట్టాడు.
"తొండి గురించి మాట్లాడదామా?
వాళ్ళ జట్టులో ఆరుగురు పై ఊళ్ళవాళ్ళు.
పోయినేడు మనకి బంతులేసిన పిల్లాడే
ఈ ఏడు వాళ్ళ చొక్కా తొడిగాడు.
హాస్టలు, బూట్లు, నెలకింత అని నాన్న చేతికి.
అన్నీ రూలు ప్రకారమే!"
కొవ్వు నిప్పుల మీద పడి చుర్రుమంది.

"మన కోచ్ మాత్రం?" పనాయ్ గొంతు తగ్గింది.
"ఓఫాద్ మోచెయ్యి పట్టుకుని కూర్చుంటే
ఇంకో ఇన్నింగ్స్ వెయ్యరా అన్నాడు.
మనమే చప్పట్లు కొట్టాం."
తాత వక్క ఉమ్మేసి నేలకేసి చూశాడు,
అక్కడేదో రాసి ఉన్నట్టు.

నన్నెవరూ అడగలేదు.
పళ్ళమ్ముకునేదానికి ఏం తెలుస్తుంది?
అడిగుంటే ఏమనేదాన్నో.
తక్కెడ మీద నా బొటనవేలు
ఇరవై ఏళ్ళుగా కాస్త బరువే.

మర్నాడు ఫైనల్‌కి ముందు మాయావ్ వచ్చాడు.
రెండు పళ్ళు చాలన్నాడు. పై వరసలోవి ఏరి ఇచ్చాను.
"అత్తా, నిన్న నువ్విక్కడే ఉన్నావు కదా?"
"ఉన్నాను. కంచె అడ్డమొచ్చింది."
వాడు కంచె తీగల్లోకి వేళ్ళు దూర్చాడు.
నాలుగూ అటువైపు కదిలాయి.
"కన్నాలున్నాయిగా," అన్నాడు.

చిల్లర తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.
పదిహేను డాలర్లు.
డబ్బాలో వేయబోయి, కొంగున కట్టుకునే అలవాటు లేదు గనక,
చాలాసేపు గుప్పిట్లోనే పట్టుకున్నాను.

ఆ రోజంతా ఎడమ మూలకి ఒక్క బంతీ రాలేదు.
అయినా ప్రతి బంతికీ వాడు మోకాళ్ళు వంచి
సిద్ధంగా నిలబడ్డాడు, నా వైపు వీపు పెట్టి.
వీపు మీద ఏడంకె ఒక పక్క ఊడి
గాలికి కొట్టుకుంటూ ఉంది.