ఇరవై రెండో ముడి

గవరయ్యా, ఆ సొక్కా పైగుండీ ఇప్పెయ్యి,
మెడ ఒరుసుకుపోతాది.
రేపట్నించీ కాలరు సొక్కాలొద్దు,
ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలుగుడ్డ ఏసుకో.
పర్లాకిమిడిలో కొమ్ము దువ్వెనలు కోసేవోడివట గదా,
నీ ఊపిరిలో ఎంత పొడి దిగిందో.
నాదా? నాది అడ్డపొగ.
నిప్పుకొస నోట్లో ఎట్టుకుని
నలభై ఏళ్లు గోపాలపురంలో ఎండుసేపలమ్మినాను.

నీకూ ఇవాళ ఊదా గీతలు గీస్తారు,
తెప్పకి గుర్తేసినట్టు, రొమ్ము మీదొకటి, డొక్క మీదొకటి.
సెరపకు. సబ్బొద్దు, పీసొద్దు,
గోరెచ్చని నీళ్లు పోసుకుని తువ్వాలుతో అద్దుకో, అంతే.
మా కోడలు పసుపు రాస్తానంది, నూనె రాస్తానంది.
నర్సు మినతి ఇద్దరికీ కలిపి ఒడియాలో వడ్డించింది.
తెలుగులో తిట్టుంటే ఇంత గెట్టిగా తగిలేది కాదు.

బల్ల మీద పడుకోబెట్టి
"హలంతు నాహిం" అంటాది.
కదలొద్దని.
తలుపు మూసుకుంటాది. ఎంత బరువో ఆ తలుపు!
అటేపు అందరూ, ఇటేపు నువ్వొక్కడివే.
నొప్పుండదు, గుయ్యిమని సప్పుడు.
నేనయితే అప్పుడు వలకళ్లు లెక్కెట్టుకుంటాను.

మూడో వారం గొంతు మండుతాది.
సేపముల్లే అనుకుని
అన్నం ముద్ద మింగేసినాను, ఎర్రిదాన్ని.
నువ్వలా సెయ్యకు. సల్లారిన గెంజి, మెత్తటి పెరుగన్నం,
కొంచెం కొంచెం, ఆరేడు సార్లు.
పులుసు జోలికెళ్లకు.
సుట్ట మానడం కన్నా నాకు పులుసు మానడమే కష్టమైంది,
నిజం సెప్తన్నాను.

జొరమొస్తే, దగ్గులో నెత్తురు పడితే
రేపు సూద్దాంలే అనకు, ఆ పూటే సెప్పు.
నిద్దరొస్తే పడుకో.
అలుపు బద్ధకం కాదమ్మా అన్నాడు డాక్టరు.
ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఎండ దిగినాక ఒడ్డుదాకా ఎల్తాను.
పుట్టి బుద్ధెరిగినాక ఇన్నాళ్లు
సంద్రంలో మునగకుండా ఎప్పుడూ లేను.
పాదాలొరకే రా అంటాను.
అది యింటదా.

ఇదిగో, వలతాడు. రోజుకో ముడి.
శని ఆదివారాలకి ముడి లేదు,
నిన్న కరెంటు పోయి మిషను ఆగింది, దానికీ లేదు.
ఇవాళ్టితో ఇరవై రెండు, ఇంకా ఎనిమిది.
తాడు పొడుగ్గానే తెచ్చుకున్నాను,
మిగిలింది కోసి నీకిస్తాను, పట్టు.

నిన్నే పిలుస్తన్నారు, లెగు.
అదేటి,
గుండీ మళ్లీ ఎట్టేసుకున్నావు?